బోస్టను పోయిన వైద్యుడు



పరదేశములందు జరుగు వృత్తిసభలకు పోవువారు ఉద్యోగపు దరఖాస్తు కూడ జేబులో నుంచుకొని పోవుట నేటి వాడుక. అందు తప్పులేదు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావునకు అట్టి సభల పిలుపైనను లేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుననే ఆయనకు ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కెనందురు. ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, అనపర్తి మామగారి ధనసహాయముతో, 1920 దాటిన కొద్ది యేండ్లకు బోస్టను చేరెను. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల చదువునకు చోటు దొరకెను గాని వేతనము లేదు. గ్రాసమునకై ఆ వైద్యుడు ఒక ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలు కడిగెను. ఇంటికి జాబు వ్రాయదగిన కొలువు కాదది! తెల్లవారిన పిమ్మట మరల పాఠములు.

1925లో ఫిస్కెతో కూడి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1930లో డాక్టరేటు వచ్చెను. అయినను హార్వర్డులో స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో లెడర్లీ ఔషధ పరిశోధనశాలకు పోయెను. అక్కడ ఆయన పర్యవేక్షణలో 1947లో వెలువడిన హెట్రజాను బోదకాలు క్రిమికి మందు. కోనసీమ కాలువగట్లపై బోదకాలు ఈడ్చుకొని నడచిన పెద్దలను చూడని కుటుంబ మరుదు. 2004 నుండి వ్యాధిగల జిల్లాలలో ప్రభుత్వము ఇంటింట పంచిన డి.ఇ.సి. బిళ్లలు ఆ మందే.

1948 ఆగస్టులో ఆయన అమెరికాలోనే కన్నుమూసెను. స్వదేశమునకు తిరిగి రానేలేదు. నాడు సాగనంపిన భార్య ఆయనను మరల చూడలేదు.