కందెన – కాలము – కిలోమీటరు
(సమాజ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్య గోష్ఠులు, సంగీత కచేరీలు జరుగు ఈ వేదికపై ఇంజను నూనెను గూర్చి ప్రసంగమేమని కొందరు ఆశ్చర్యపడవచ్చును. కాని మనది ఇనుమును నమ్ముకొని బ్రతుకు ఊరు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ దేశముతో ఒడంబడిక జరిగినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాదుగారు ఇచ్చటి మొదటి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించిరి. ఆ దినములలో శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి పొట్ట చేతబట్టుకొని వచ్చిన మనవారిలో చాలమందికి సైకిలే వాహనము. నేడు ఆ కుటుంబములలో అనేకమునకు క్వార్టరు ముందర కారు నిలిచియున్నది. కొన్ననాడు పసుపు కుంకుమలు పెట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టుదుము. పిమ్మట దాని ప్రాణమైన నూనెను మాత్రము మరచిపోవుదుము.

నూనె ఎన్నాళ్ళకు మార్చవలెనని ముగ్గురిని అడిగిన, మూడు జవాబులు వచ్చును. మూడు వేల కిలోమీటర్లకని మెకానిక్కు చెప్పును. పదివేలకని పొరుగింటివారు చెప్పుదురు. నల్లబడినప్పుడని మూడవవారు తీర్పు చెప్పుదురు. ఈ మువ్వురిలో ఎవరి మాట మనకు వర్తించునో తేల్చుకొనుటయే నేటి నా ప్రసంగ విషయము.

నూనె చేయు పని ఏమి?

మన పల్లెలలో ఎడ్లబండి ఇరుసునకు ఆముదములో మసి కలిపి కందెన పెట్టుట పెద్దలెరుగుదురు. ఆ ఆముదమునకు పాశ్చాత్య దేశములలోను గౌరవము కలదు. కాస్ట్రాల్ అను ప్రసిద్ధమైన నూనెకు ఆ పేరు ఆముదపు ఆంగ్లనామమునుండియే వచ్చినది. కందెన ఇనుమును జారునట్లు చేయునని మాత్రమే పూర్వులు తలచిరి. అది ఇనుమును మోయునని 1883లో తెలియవచ్చినది. ఇంగ్లండులో బోషాంప్ టవర్ అను ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగులపై ప్రయోగములు చేయుచు, నూనె పోయుటకై బేరింగు పైభాగమున ఒక రంధ్రము తొలిపించెను. ఇరుసు తిరుగసాగినంతనే నూనె లోనికి పోవుటకు మారుగ పైకి ఉబికివచ్చెను. బిరడా బిగింపగా అదియు ఎగిరిపోయెను. ఇరుసునకును బేరింగునకును నడుమ పలుచని నూనె పొర ఏర్పడి, ఆ పొరయే భారమునంతయు మోయుచున్నదని అప్పుడు స్పష్టమైనది. 1886లో ఆస్బోర్న్ రేనాల్డ్సు దీనికి గణిత సూత్రము కూర్చెను.

మన కారు ఇంజనులో క్రాంకు షాఫ్టు తేలియాడుచున్నది అట్టి పొరమీదనే. ఇదిగాక పిస్టనుల వేడిని కొంత గొనిపోవుట, మసిని కడిగి తనలో ఉంచుకొనుట, రింగుల సందులను మూయుట, తుప్పు పట్టకుండ కాచుట కూడ నూనె విధులే. ఇందుకై దానిలో కొన్ని రసాయనములు కలుపుదురు. నూనె పాతబడుట యనగా ముఖ్యముగా ఈ రసాయనములు వ్యయమైపోవుటయే.

నూనె ఎట్లు చెడును?

మొదటి శత్రువు వేడి. వేడికి నూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి చిక్కబడును. పది డిగ్రీలు పెరిగిన కొలది ఈ చర్య సుమారు రెట్టింపగునని ఒక స్థూల సూత్రము. రెండవది మసి, ధూళి. మూడవ శత్రువును మనము గుర్తింపము. అది నీరు. ఒక లీటరు పెట్రోలు మండినప్పుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరిరూపమున పుట్టును. దానిలో అధికభాగము పొగగొట్టముగుండ పోవును. కాని ఇంజను చల్లగానున్నపుడు కొంత ఆవిరి, కొంత మండని పెట్రోలు రింగుల ప్రక్కగా దిగి నూనెలో చేరును. ఇంజను బాగుగ వేడెక్కి కొంతసేపు నడచిన, ఈ రెండును మరల ఆవిరియై పోవును. వేడెక్కకమునుపే ఆపివేసిన, లోపలనే నిలిచిపోవును. ఇట్లు దినదినము చేరి ఆమ్లములను, జిగురువంటి మడ్డిని పుట్టించును. డయలుమీది ముల్లు వేడి చూపినంతమాత్రమున నూనె వేడెక్కినట్లు కాదు. ఆ ముల్లు చూపునది నీటి వేడిని. నూనె అంతకంటె ఆలస్యముగా వేడెక్కును.

భిలాయిలో మన నడక

ఇప్పుడు మన ఊరి సంగతి విచారింతము. ఎండ 45 డిగ్రీలకు చేరు మే నెలయే ఇంజనుకు గండమని మనము భయపడుదుము. కాని సెక్టారునుండి కర్మాగారపు గేటువరకు నాలుగు కిలోమీటర్ల ప్రయాణము, అందును పుష్యమాసపు చలిలో మొదటి పాళీకి పోవు ప్రయాణము, నూనెకు తక్కువ హాని చేయునది కాదు. కారు మెల్లగ నడచును, ఇంజను వేడెక్కకమునుపే ఆగును, ఎనిమిది గంటలు చల్లారి మరల బయలుదేరును.

లెక్క చూడుడు. రోజునకు ఎనిమిది కిలోమీటర్లు, ఏటికి మూడువందల దినములు నడిపిన, సంవత్సరమునకు 2,400 కిలోమీటర్లు. పదివేలు నిండవలెనన్న నాలుగేండ్లు దాటును. కిలోమీటరు లెక్కనే నమ్ముకొన్నవాడు ఆ నాలుగేండ్లు మడ్డినూనెతో నడుపును. పదవీ విరమణనాటి సొమ్ముతో కొన్న బండి తక్కువ తిరిగినది కదాయని నిశ్చింతగ నున్నవారికి, ఇంజను విప్పించి చూపినపుడు కలుగు దుఃఖము ఇంతయని చెప్పరాదు. ఆనాడు చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుటయే యగును.

మరియొక లెక్క. రాయపూరు ముప్పది కిలోమీటర్ల దూరము. దినమునకు రాకపోకలు అరువది చొప్పున నడుపువారికి ఏటికి 18,000 కిలోమీటర్లగును. వీరి నూనె నిత్యము చక్కగా వేడెక్కును, నీరు ఆవిరియగును. వీరికి పదివేలు ఆరేడు నెలలలో నిండును. మూడు వేలకే మార్చుట వీరికి డబ్బు పారబోసికొనుటయే.

పుస్తకము చెప్పు మాట

కారుతో ఇచ్చిన పుస్తకమును మనలో ఎక్కువమంది తెరువరు. నేటి పెట్రోలు కార్లలో అనేకమునకు పదివేల కిలోమీటర్లు లేక ఒక సంవత్సరము, ఏది ముందు వచ్చిన అది, అని దానిలో వ్రాసియుండును. ఆ “ఏది ముందు వచ్చిన అది” అను మాటలోనే కీలకమంతయు ఉన్నది. దాని ప్రక్కనే కఠిన పరిస్థితుల పట్టిక యొకటి వేరుగా నుండును. మాటిమాటికి చిన్న ప్రయాణములు, ధూళి, గంటలతరబడి నిలిపి ఇంజను నడుపుట, బరువులు లాగుట అందులో చేరును. అట్టివారికి గడువు తగ్గించి వ్రాయుదురు. మన సెక్టారు జీవితము సామాన్యపు పట్టికకంటె ఈ రెండవ పట్టికకే దగ్గర.

మరి మూడు వేలు, అయిదు వేలు అను మాట ఎచ్చటినుండి వచ్చినది? అమెరికాలో చిరకాలము మూడువేల మైళ్ళ నియమము ప్రచారములో నుండెను. అది కార్బురేటరు ఇంజనుల కాలము, నాసి నూనెల కాలము. చోకు లాగినపుడెల్ల పెట్రోలు నూనెలోనికి దిగెడిది. ఇంధనములో గంధకమును అధికము, అదియే ఆమ్లమగును. మన దేశమున 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి ఆరు ఇంధనమున గంధకము పదిలక్షలకు 10 పాళ్ళకు మించరాదు. నూనెలును ఎంతయో మెరుగుపడినవి. కారణము చాలవరకు పోయినది, సంఖ్య మాత్రము నాలుకలపై నిలిచినది. మెకానిక్కు అబద్ధమాడుటలేదు, తన గురువు చెప్పినది చెప్పుచున్నాడు.

ఇక రంగు సంగతి. నూనె నల్లబడుట చెడిపోవుటకు గుర్తు కాదు. మసిని కడిగి తనలో నిలుపుకొన్నదని అర్థము. డీజిలు ఇంజనులో క్రొత్త నూనెయు కొద్ది దినములలోనే నల్లబడును. భయపడవలసిన గుర్తులు వేరు. నూనె పాలవలె తెల్లబారిన నీరు చేరినదన్నమాట. పెట్రోలు వాసన గట్టిగ వచ్చిన ఇంధనము చేరినదన్నమాట. మట్టము తరచుగ తగ్గుచున్న ఎచ్చటనో కారుచున్నది, లేదా మండిపోవుచున్నది. ఈ మూడింటికిని వైద్యము నూనె మార్చుట మాత్రమే కాదు, రోగమును వెదకుట.

కర్మాగారము నేర్పు పాఠము

పెద్ద యంత్రముల నూనెను పంచాంగము చూచి మాత్రమే మార్చరని మీలో అనేకులెరుగుదురు. నమూనా తీసి చిక్కదనము, నీరు, ఆమ్లము, లోహపు రజను పరీక్షించి నిర్ణయింతురు. ఉక్కు కర్మాగారములలో కందెనను గూర్చి 1964లో కార్డిఫ్ నగరమున జరిగిన సదస్సే తరువాత ఒక పెద్ద విచారణకు దారితీసినది. 1966లో పీటర్ జోస్టు సమర్పించిన నివేదిక, రాపిడిని, అరుగుదలను, కందెనను సరిగ చూచుకొన్న బ్రిటనుకు ఏటికి 51 కోట్ల 50 లక్షల పౌండ్లు మిగులునని అంచనా వేసినది. ట్రైబాలజీ అను శాస్త్రనామము ఆ నివేదికతోనే వ్యాప్తికి వచ్చినది. మూడు లీటర్ల నూనె పట్టు చిన్న కారునకు ప్రయోగశాల పరీక్ష గోటితో పోవుదానికి గొడ్డలి వంటిది. కనుక మనకు పుస్తకమే ప్రయోగశాల.

నిర్ణయము

ఇంతవరకు చెప్పినదానిని గృహస్థులకు ఉపయోగపడునట్లు కూర్చెదను.

ఒకటి: ఎంత తక్కువ తిరిగినను సంవత్సరము దాటనీయరాదు. ప్రయాణములన్నియు గేటువరకే యైన, కఠిన పట్టికలోని గడువు పాటింపుడు. వారమునకొకసారి రాయపూరు దిక్కుగా అరగంట ఆపకుండ నడిపిన నూనెలోని తేమ చాలవరకు పోవును.

రెండు: నూనెతోబాటు ఫిల్టరును మార్పుడు. పుస్తకములో చెప్పిన చిక్కదనమునే పోయింపుడు. 5 డబ్ల్యు 30 పోయవలసిన ఇంజనులో, చిక్కనిది మంచిదని 20 డబ్ల్యు 50 పోయించుట మేలు కాదు.

మూడు: మార్చుటకంటె మట్టము చూచుట ముఖ్యము. చదునైన నేలపై, ఇంజను ఆపిన కొన్ని నిముషములకు డిప్‌స్టిక్కు తీసి చూడుడు. వేసవి సెలవులలో కేశకాల్ ఘాటు, జగదల్‌పూరు, కోరాపుట్టు, సాలూరు మీదుగా స్వగ్రామమునకు పోవువారు బయలుదేరుటకు ముందు తప్పక చూడవలెను. దారిలో నూనె గుర్తుగల ఎర్రదీపము వెలిగిన, వెంటనే ఆపుడు. ముందు ఊరిలో చూచుకొందమనరాదు. ఘాటురోడ్డుపై పిల్లలతో రాత్రి చిక్కుకొనుటయు, ఇంజను బిగిసిపోవుటయు ఆ ఒక్క మాటనుండియే కలుగవచ్చును.

నాలుగు: తీసిన నూనెను మురుగు కాలువలో పోయనీయకుడు. అది చివరకు మన నేలను, శివనాథ్ నదిని చేరును. 2016 నాటి నియమావళి దానిని అపాయకరమైన వ్యర్థములలో చేర్చినది. శుద్ధిచేయువారికి పంపు దుకాణముననే మార్పించుట పౌరధర్మము.

అయిదు: తేదీ, కిలోమీటరు, నూనె రకము ఇంటి పద్దుపుస్తకములో వ్రాసికొనుడు. పాల లెక్క, చాకలి పద్దు తప్పక వ్రాయు మన గృహిణులకు ఇది యొక పంక్తి. ఆ పంక్తి యున్న ఇంటిలో మెకానిక్కును గుడ్డిగ నమ్మవలసిన పని లేదు, అనుమానింపవలసిన పనియు లేదు.

ఇంజను నూనె అక్కరలేని విద్యుత్ కార్లు మన వీథులలోనికిని వచ్చుచున్నవి. అవి అందరి ముంగిట నిలుచువరకు ఈ లెక్క మనకు తప్పదు.