ఉప్పుగాలికి నిలుచు కంచె

ఇంటికి కంచె వేయించుట చిన్న పనిగనే తోచును. ఇల్లు కట్టించునప్పుడు పదిమందిని సంప్రదించి, నాలుగు చోట్ల ధరలు విచారించి, ముహూర్తము పెట్టించుకొను గృహస్థు, కంచె దగ్గరకు వచ్చుసరికి "ఎవరో యొకరు వేసిపోదురులే" యనుకొనును. మేమును అట్లే యనుకొంటిమి. నెల్లూరికి తూర్పుగా, మైపాడు సముద్రతీరమునకు చేరువలోనున్న మా పెద్దలనాటి ఇంటికి ఆ విధముగ వేయించిన కంచె రెండేండ్లు నిండకుండగనే నేలకొరిగినది. నమ్మదగిన కంట్రాక్టరును ఎన్నుకొనుటలో మేము చేసిన పొరపాట్లు, ఆలస్యముగ తెలిసికొన్న సంగతులు శ్రోతలకు విన్నవింపవలెనని ఈ ప్రసంగము.

మా తాతలనాడు ఈ తీరగ్రామములలో కంచె యన్నచో తాటిమట్టల దడి, లేదా తుమ్మకంప. దడి కట్టెడివాడు ఆ ఊరివాడే. వానలకు దడి చివికినచో మరునాడే వానిని పిలిపించెడివారు. వాడు వచ్చి, నాలుగు మట్టలు మార్చి, దోసెడు గింజలు కొంగున కట్టుకొని పోయెడివాడు. అతనిని నమ్మవచ్చునా యను ప్రశ్నయే లేదు. ప్రొద్దున లేచినచో ఎదుట కనబడెడి మనిషి. 1874లో అమెరికాలో గ్లిడెన్ అను రైతు పేటెంటు పొందిన ముళ్ళతీగ క్రమముగ దేశదేశములు తిరిగి మన పెరళ్ళకును చేరినది. దాని వెంట సిమెంటు స్తంభములు, చైన్‌లింకు వల, వాటితో పాటు కంట్రాక్టరును వచ్చినాడు. ఇతడు పొరుగూరివాడు. పని ముగించి, సొమ్ము తీసికొని వెడలిపోవును. అతని పనిలోని బాగోగులు బయటపడుటకు రెండు మూడు వానకాలములు గడువవలెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

మేము మొదట కుదుర్చుకొన్న పెద్దమనిషి మాటకారి. తాను వేసిన కంచెల ఫోటోలు ఫోనులో చూపినాడు. అన్నియు వెండివలె తళతళ మెరయుచున్నవి. నిన్న మొన్న వేసిన కంచెలు మెరయక యేమి చేయునని మాకు అప్పుడు తోచలేదు. ధర తక్కినవారికంటె తక్కువ చెప్పినాడు. సగము సొమ్ము ముందుగ అడిగినాడు. మా తండ్రిగారు ఉద్యోగవిరమణ నాడు వచ్చిన ధనములో మిగిల్చి దాచుకొన్నది తీసి యిచ్చితిమి. కాగితము లేదు, రసీదు లేదు, ఉన్నదంతయు నోటిమాటయే.

2023 డిసెంబరు తొలివారమున మిచాంగ్ తుపాను మన నెల్లూరు తీరమునకు దగ్గరగ ఉత్తరమునకు సాగి, 5వ తేదీన బాపట్ల వద్ద తీరము దాటినది. ఆ రాత్రి మా కంచెలో పదకొండు స్తంభములు వరుసగ పడిపోయెను. తుపానును నిందింపవలెనన్నచో, ప్రక్క దొడ్డిలోని స్తంభములు చెక్కుచెదరక నిలిచియున్నవి! పడినవానిని లేపి చూచితిమి. రెండడుగుల లోతున పాతుదునన్న స్తంభము అడుగు లోతుననే యున్నది. విరిగినచోట కాంక్రీటులో గవ్వల తునకలు కనబడినవి. సముద్రపుటిసుక కలిపినాడన్నమాట. లోపలి ఇనుపకడ్డీ త్రుప్పుపట్టి ఉబ్బియున్నది. కంచె చేను మేయుట సామెతలో వినియున్నాము. మా కంచె ఆపాటి శ్రమయైనను పడలేదు, పరుండిపోయినది. మేయుపని ఊరి గేదెలు చూచుకొన్నవి. మా తల్లిగారి మల్లెపాదులు, రెండేండ్ల కొబ్బరిమొక్కలు ఒక్క తెల్లవారుజామున పోయినవి. ఆమె ఒక్క మాటయు అనలేదు. అనియున్నచో మాకు కొంత తేలికగ నుండెడిది.

తరువాతనే కంచె సంగతులు చదువ మొదలిడితిమి. ఇనుపతీగను కాపాడునది దానిపై పూసిన తుత్తునాగము. గాలిలోని ఉప్పు, తేమ ముందుగ తుత్తునాగమును తినును. అది యున్నంతకాలము లోని ఇనుము క్షేమముగ నుండును. కనుక తీరమున కంచె ఆయువు ఆ పూత మందమును బట్టి యుండును. ముళ్ళతీగకు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 278, చైన్‌లింకు వలకు ఐ.ఎస్. 2721. తీగచుట్టపై ఈ గుర్తు కలదా, పూత చదరపు మీటరుకు ఎన్ని గ్రాములు అని అడిగినచో మంచి కంట్రాక్టరు చీటీ తీసి చూపును. "అన్నియు ఒక్కటేనండి" యనువానికి ఆ వాకిటనే నమస్కారము చేయుట మేలు.

గేజి లెక్కయు తెలిసియుండవలెను. అంకె పెరిగినకొలది తీగ సన్నబడును. 12 గేజి తీగ మందము 2.64 మిల్లీమీటర్లు, 14 గేజి తీగది 2.03. చూపునకు భేదము స్వల్పమే. కాని తీగను అడ్డముగ కోసి లెక్కవేసినచో, రెండవదానిలో ఇనుము నూటికి నలుబది పాళ్ళు తక్కువ. తక్కువ ధర వెనుక రహస్యము పలుమారులు ఇదియే. అడుగునకు ఇంత యని చెప్పు ధరలోను ఇట్టి మర్మమే యొకటి కలదు. మూడువందల అడుగుల చుట్టుకొలతకు ఎనిమిదేసి అడుగుల దూరమున 38 స్తంభములు కావలెను. పదేసి అడుగులకైనచో 30 చాలును. ఇద్దరు చెప్పిన ధరలు పోల్చుటకు ముందు స్తంభముల మధ్య దూరము అడుగకున్నచో ఆ పోలిక వ్యర్థము.

ఇక సిమెంటు స్తంభముల మాట. కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారము, సముద్రతీరపు గాలికి గురియగు కాంక్రీటులో కడ్డీపై 45 మిల్లీమీటర్ల కప్పు ఉండవలెను. నాలుగంగుళముల స్తంభములో రెండువైపుల అంత కప్పు విడిచినచో కడ్డీకి చోటెక్కడిది? అందుచేత సన్నని స్తంభములు ఇక్కడ త్వరగ పగులుట వింత కాదు. అదే ప్రమాణము, ఇనుము వేసిన కాంక్రీటుకు వాడు నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండరాదనుచున్నది. సముద్రజలములో అది సుమారు 19,000 ఉండును. మన తీరమున ఉప్పుబావులు తక్కువా? నీరెక్కడినుండి తెత్తువని కంట్రాక్టరును అడుగుట చాదస్తము కాదు. ఇనుములేని రాతిస్తంభములు బరువైనను, ఈ బాధ వానికి లేదు. పలకలు పేర్చిన గోడకంటె గాలి దూరిపోవు తీగకంచె తుపాను వేళ మేలని కూడ తెలిసినది. 1989 నవంబరులో కావలి వద్ద తీరము దాటిన తుపానును చూచినవారికి ఈ మాట విప్పిచెప్ప నక్కరలేదు.

రెండవమారు మేము ఫోటోలు చూడలేదు. "మీరు ఏడెనిమిదేండ్ల క్రిందట సముద్రము దగ్గర వేసిన కంచె చూపుడు" అని అడిగితిమి. ఇద్దరు మరల రాలేదు. మూడవ మనిషి, వయసు మళ్ళిన మేస్త్రీ, ఒక తోటకు తీసికొనిపోయినాడు. కంచెపై అక్కడక్కడ త్రుప్పుమరకలున్నవి గాని, స్తంభములు దారము పట్టినట్లు నిలువుగనున్నవి. అతడు ప్రక్కకు పోయినప్పుడు తోట యజమానిని, "తీగ సడలినదని కబురంపినచో వచ్చినాడా?" యని అడిగితిమి. రెండుమారులు వచ్చినాడట, రెండవమారు కూలి పుచ్చుకొన్నాడట. ఒకమారు పుచ్చుకొన్నాడని దాచకుండ చెప్పుటచేతనే ఆ మాట మాకు నమ్మకము కలిగించినది.

మేస్త్రీ మా దొడ్డికి వచ్చి, ధర చెప్పుటకు ముందు గునపముతో మూడుచోట్ల త్రవ్వి చూచినాడు. వానకాలమున నీరెక్కడ నిలుచునని అడిగినాడు. పిదప అనినాడు: "స్తంభం నిలిపేటప్పుడు ఇంట్లోవాళ్ళొకరు దగ్గరుండాలయ్యా. మన్ను పూడ్చినాక లోతెంతని మీరడిగినా నేను చూపించలేను."

ఈసారి హద్దుల సంగతియు ముందే చూచుకొంటిమి. దక్షిణపు దొడ్డి మాకు అన్న వరుసైన వారిది. "తాడు లాగి వేసేద్దామండి" యను కంట్రాక్టరు మాట వినినచో, తగవు మిగులునది మనకును మన బంధువులకును గాని ఆతనికి కాదు. మదరాసు రాజ్యమున 1923లో వచ్చిన సర్వే, సరిహద్దుల చట్టము నాటి రాళ్ళు అనేక గ్రామములలో ఇసుకలో పూడిపోయి యున్నవి. సర్వేయరుచేత కొలిపించి, అన్నగారిని ప్రక్కన నిలుపుకొని గుర్తులు పెట్టించితిమి. ఆయన అడుగు మేర తనదనుకొన్న చోట మాది యని తేలినది; మరొకచోట మాదనుకొన్నది ఆయనది. ఇద్దరమును నవ్వుకొని కాఫీ త్రాగితిమి. కంచె వేసిన తరువాత తేలియున్నచో నవ్వు వచ్చెడిది కాదు.

ఒప్పందము ఒక కాగితముపై వ్రాసికొంటిమి: తీగ గేజి, ప్రమాణపు గుర్తు, స్తంభముల దూరము, లోతు, మూలస్తంభములకు ఏటవాలు ఊతలు, కంప కొట్టించు ఖర్చు ఎవరిది, అక్టోబరు వానలకు ముందు ముగింపవలసిన తేదీ. సామాను దొడ్డిలో దిగిన తరువాతనే మొదటి విడత సొమ్ము. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము క్రింద ఇట్టి పనిలోని లోపమునకు రెండేండ్లలోపల జిల్లా కమిషనులో ఫిర్యాదు చేయవచ్చును. చెల్లించిన మొత్తము 5 లక్షల వరకైనచో రుసుము లేదు. మొదటి కంచె విషయమున ఆ తలుపు తట్టుటకు మా చేతిలో చీటీముక్క యైనను లేకపోయెను.

మరియొక మాట. అడవిపందుల బెడదకు తీగకు ఇంటి కరెంటు తగిలింతునని ఎవరైన చెప్పినచో, వారిని తక్షణము పంపివేయవలెను. అట్టి తీగలకు మన రాష్ట్రమున పందులే కాదు, తెల్లవారుజామున పొలమునకు పోయిన మనుష్యులును బలియైనారు. అది కంచె కాదు, నేరము.

మేస్త్రీ చెప్పిన తేదీకి నాలుగు దినములు ఆలస్యముగ పని ముగించినాడు. స్తంభములు పాతునప్పుడు మా తల్లిగారు పీట వేసికొని ప్రతి గుంట దగ్గరను కూర్చుండి, కొలకఱ్ఱతో లోతు చూచినది. ఒప్పందము ప్రకారము తుదివిడత, మొత్తములో పదవవంతు, ఈశాన్యపు వానలు వెడలిన పిదప ఇవ్వవలెను. ఆ సొమ్ము ఇంకను మా తల్లిగారి పెట్టెలోనే యున్నది. మార్గశిరము దాటినచో వచ్చి తీగ బిగించి, తీసికొనిపోదునని మేస్త్రీ కబురంపినాడు.