పళ్లెం మార్చిన ఆరు నగరాలు

బడిలో పర్యావరణం అనగానే మనకు గుర్తొచ్చేది జూన్ 5న పర్యావరణ దినోత్సవానికి మొక్క నాటడం, ఫొటో దిగడం. అమెరికాలో కొన్ని ప్రభుత్వ బడులు మాత్రం భోజనం పళ్లెం సంగతి చూశాయి.

న్యూయార్క్ బడుల్లో పిల్లలు ఏళ్ల తరబడి థర్మోకోల్ పళ్లేల్లో తిన్నారు. అరగంటలో తిని పారేసేది తరాలు గడిచినా మట్టిలో కలవదు. తల్లిదండ్రులు పట్టుబట్టగా, 2010లో మంగళవారాలు వాటిని పక్కన పెట్టారు. మిగతా రోజులకు అడ్డం డబ్బే. థర్మోకోల్ పళ్లెం ధర అప్పట్లో సుమారు 4 సెంట్లు. మట్టిలో కలిసే పళ్లేనికి అంతకు సుమారు మూడు రెట్లు.

అప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలిస్, చికాగో, డల్లాస్, మయామీ, ఓర్లాండో బడుల యంత్రాంగాలు ఒక్కటై టోకున బేరమాడాయి. రీసైకిల్ చేసిన న్యూస్‌ప్రింట్ గుజ్జుతో గుండ్రటి పళ్లెం చేయించాయి. కూరలో పండు కలవకుండా అందులో గదులు కూడా పెట్టించాయి. ధర 4.9 సెంట్లు! 2015లో అది పిల్లల చేతికొచ్చింది. నా దృష్టిలో అసలు తెలివి పళ్లెంలో లేదు, ఆ బేరంలో ఉంది. అయితే దాన్ని ఎరువు గుంతకు పంపకుండా చెత్తబండిలో వేస్తే సగం ఫలితం గంగపాలే.

కడిగి మళ్లీ వాడే స్టీలు కంచం, నిజానికి, దానికన్నా మేలు. మన మధ్యాహ్న భోజనంలో అది మామూలే. అయినా వార్షికోత్సవాలకు ప్లాస్టిక్ పూత పళ్లేలు కొనే ప్రధానోపాధ్యాయులకు ఒక్క మనవి: ఈసారి మండలంలోని బడులన్నీ కలిసి విస్తరాకులకు ఒకే బేరం చేయండి.