గేటు ఎవరిది, లెక్క ఎవరిది
(వెంకటగిరికోట సదస్సులో అధ్యక్షోపన్యాసం)

 

పాలస్తీనా రేపు పూర్తి రాజ్యమైతే దాని విదేశీ వాణిజ్యం ఎలా ఉండాలన్నది మన చర్చాంశం. మన వెంకటగిరికోటకూ పాలస్తీనాకూ ఏం సంబంధమని ఊళ్లో కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దానికి మా అవ్వ కథతో జవాబు చెబుతాను.

బియ్యానికి రాష్ట్రాల మధ్య జోన్లున్న కాలం. ఒక రాష్ట్రంలో పండిన బియ్యం అనుమతి లేకుండా పక్క రాష్ట్రానికి పోకూడదు. మా మేనత్తను పక్క రాష్ట్రంలోని కోలారు దిక్కు ఇచ్చారు. అవ్వ కూతుర్ని చూడబోతూ నాలుగు శేర్ల బియ్యం మూటగట్టి ఒళ్లో పెట్టుకునేది. సరిహద్దు దగ్గర బస్సు ఆగేది. తనిఖీవాళ్లు ఎక్కి సీట్ల కింద తడిమేవాళ్లు. ఒకసారి ఆ మూట దించేశారు. అవ్వ ఏడవలేదు. "నా బిడ్డకు నేను బువ్వ పెట్టుకునేదానికి మధ్యలో మీరెవురురా?" అని అడిగింది. వాళ్ల దగ్గర జవాబు లేదు, అయినా బస్సు కదిలింది, మూట అక్కడే ఉండిపోయింది. తర్వాత నేను ఎన్ని వాణిజ్య గ్రంథాలు చదివినా ఆ ప్రశ్నకు మించినది కనబడలేదు. మధ్యలో ఉన్నది ఎవరు? గేటు ఎవరిది? దాటిన సరుకు లెక్క ఎవరు రాస్తారు?

ఈ ప్రశ్నలతో పాలస్తీనా వైపు చూద్దాం. 1994 ఏప్రిల్ 29న పారిస్‌లో ఇజ్రాయెల్‌కూ పాలస్తీనా విమోచన సంస్థకూ మధ్య ఒక ఆర్థిక ఒప్పందం కుదిరింది. అయిదేళ్ల మధ్యకాలానికి అనుకున్న ఆ ఏర్పాటే ముప్పయ్యేళ్లు దాటినా నడుస్తోంది. దాని ప్రకారం రెండింటికీ కలిపి దాదాపు ఒకే సుంకాల గోడ. కొన్ని జాబితాల్లోని సరుకులకు, అవీ చాలావరకు పరిమిత మోతాదుల్లో, పాలస్తీనా సొంత సుంకం వేసుకోవచ్చు. మిగతా వాటికి ఇజ్రాయెల్ సుంకమే కనీసం. విలువ ఆధారిత పన్ను రేటు కూడా ఇజ్రాయెల్ రేటు కంటే రెండు శాతానికి మించి తగ్గకూడదు. పాలస్తీనాకు వచ్చే సరుకు ఇజ్రాయెల్ రేవుల్లో దిగితే సుంకం అక్కడే వసూలవుతుంది. వసూలు చేసినందుకు ఇజ్రాయెల్ నూటికి మూడు చొప్పున పట్టుకుని మిగతాది నెలనెలా పాలస్తీనా అథారిటీకి పంపాలి. అథారిటీ ఆదాయంలో అధిక భాగం ఈ సొమ్మే. రాజకీయాలు బెడిసినప్పుడల్లా అది ఆగిపోతుంది. ఉపాధ్యాయుల జీతం, ఆసుపత్రి మందుల ఖర్చు మరో దేశపు ఆర్థిక మంత్రి సంతకం మీద ఆధారపడి ఉన్నాయి.

దీన్ని మన మండీ భాషలో చెబుతాను. రైతు సరుకు వేస్తాడు. తూకం మండీవాడిది, చీటీ మండీవాడిది, డబ్బు మండీవాడి పెట్టెలో ఉంటుంది. కమీషన్ ముందే పట్టుకుంటాడు. పాత బాకీ ఉందని ఎంత తగ్గించినా, కోపమొచ్చి ఈ వారం ఇవ్వనన్నా రైతు చేయగలిగేది లేదు. ఎందుకంటే ఊళ్లో ఇంకో మండీ లేదు. మన రైతుకు ఇక్కడ కాకపోతే పలమనేరు ఉంది, పుంగనూరు ఉంది, మదనపల్లె ఉంది, చెన్నై కోయంబేడు ఉంది. ఆ రెండో దారే రైతుకు బలం. పాలస్తీనా ఎగుమతుల్లో ఎనభై శాతానికి పైగా ఇజ్రాయెల్‌కే పోతున్నాయంటే అది ప్రేమ వల్ల కాదు, రెండో మండీకి దారి లేకపోవడం వల్ల.

దారి లేకపోవడమంటే ఏమిటో టమోటా పండించేవాళ్లకు బాగా తెలుస్తుంది. వెస్ట్ బ్యాంక్ నుంచి బయలుదేరిన సరుకు అనేక తనిఖీ ద్వారాల దగ్గర ఒక లారీ నుంచి దిగి, తనిఖీ అయ్యి, అవతల నిలిచిన మరో లారీకెక్కాలి. మన క్రేట్లను ఎండలో దించి మళ్లీ ఎక్కించడమంటే ఊహించుకోండి. పై వరస మెత్తబడుతుంది, అడుగు వరస కారిపోతుంది, సాయంత్రానికి ధర పడిపోతుంది. సుంకం సున్నా అయినా ఆ రైతు నష్టపోయాడు. సుంకాల పట్టికలు చూసి వాణిజ్య విధానాన్ని అంచనా వేసే పండితులతో నాకున్న తగవు ఇక్కడే. మరో ఉదాహరణ చూడండి. గాజాకు 1998లో విమానాశ్రయం వచ్చింది. మూడు నాలుగేళ్లకే దాని రన్‌వేను ధ్వంసం చేశారు. దాని గురించి ఏ పట్టికలోనూ ఉండదు.

తెలుగువాళ్లకు ఇలాంటి చరిత్ర లేదనుకోకండి. 1802లో హైదరాబాదు నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ వాణిజ్య ఒప్పందం జరిగింది. సముద్రం లేని రాజ్యానికి మచిలీపట్నం రేవు వాడుకునే హక్కు దక్కింది, బదులుగా సుంకం నూటికి అయిదు మించకూడదన్న కట్టు పడింది. కరోడ్‌గిరి పేరుతో నిజాముకు సొంత సుంకాల శాఖ ఉండేది, హాలీ రూపాయి పేరుతో సొంత నాణెం ఉండేది, ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిషు రూపాయలకు సమానంగా చెల్లేవి. చూడడానికి అన్నీ ఉన్నాయి. రేవు మాత్రం ఇంకొకరి చేతిలో ఉంది. 1947 తర్వాత గోవాలో రేవు కోసం పోర్చుగీసులతో మంతనాలు జరిపారు. అది తేలలేదు. 1948లో దారులు బిగుసుకున్నాక, చుట్టూ ఒకే దేశమున్న రాజ్యానికి సుంకాల శాఖ ఉన్నా ఏమీ ఒరగలేదు. నిజాం పాలన చేసిన దౌర్జన్యాలను నేను ఏ కొంచెమూ సమర్థించను, సరుకు నడిచే దారి సంగతి మట్టుకే చెబుతున్నాను. భూగోళం వరకు చూస్తే పాలస్తీనా పరిస్థితి అంత ఘోరం కాదు. వెస్ట్ బ్యాంకుకు జోర్డాను, గాజాకు ఈజిప్టు, సముద్రం పక్కనున్నాయి. భూగోళం దారి ఇచ్చింది, మనుషులు మూశారు.

ఇక మన ఇంటి సంగతి. 2025 జూన్ 7న చిత్తూరు జిల్లా అధికారులు కర్ణాటక, తమిళనాడు తోతాపురి మామిడి జిల్లాలోకి రాకూడదన్నారు. కారణం తోసిపుచ్చదగ్గది కాదు. గుజ్జు ఫ్యాక్టరీల దగ్గర బళ్లు బారులు తీరాయి, ధర పడిపోయింది, కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇప్పించే ప్రయత్నం జరిగింది. బయటి కాయ వస్తే మన రైతు కాయ తోటలోనే రాలుతుంది. కానీ గేటు అవతల కర్ణాటకలోని శ్రీనివాసపురం రైతు కూడా రైతే. ఆయన కాయకు మన జిల్లా ఫ్యాక్టరీలే దిక్కు. కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లేఖ రాశారు, విషయం ఢిల్లీకి చేరింది, ఆ నెలలోనే కర్ణాటక రైతుకు రెండున్నర లక్షల టన్నుల వరకు ధర వ్యత్యాసం చెల్లించడానికి కేంద్రం ఒప్పుకుంది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. గేటు మూసినవాళ్లం మనమే. పక్క ఊరి రైతును మనం కూడా ఎండలో నిలబెట్టామని ఒప్పుకోకుండా పాలస్తీనా గురించి మాట్లాడే అర్హత నాకు లేదనిపించింది. అయితే ఒక తేడా ఉంది. మన రాజ్యాంగం 301వ అధికరణం దేశమంతటా వ్యాపారానికి స్వేచ్ఛ ఇచ్చింది. ఎవరైనా గేటు మూస్తే అవతలివాడు లేఖ రాయడానికి ఒక చిరునామా ఉంది, మెట్లెక్కడానికి ఒక కోర్టు ఉంది. అంతర్‌రాష్ట్ర వాణిజ్యాన్ని చూసే ప్రత్యేక సంస్థకు 307వ అధికరణం వీలు కల్పించినా దాన్ని నేటికీ ఏర్పాటు చేయలేదు, అది మన లోపం. అయినా పెద్ద దిక్కు ఉంది. పారిస్ ఒప్పందంలో సంయుక్త సంఘం ఉంది గానీ అందులో ఇరుపక్షాలే, మధ్యవర్తి లేడు. బలవంతుడు కాదంటే కథ అక్కడితో సరి.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా చెబుతాను, సదస్సు కాదంటే వాదించండి. రేపటి పాలస్తీనా ఇజ్రాయెల్‌తో ఉమ్మడి సుంకాల గోడను కొనసాగించకూడదు. అందరు పొరుగువాళ్లకూ ఒకే తీరున, తక్కువ సుంకం పెట్టుకోవాలి. ఎవరికెంత అన్న చిక్కు లెక్కలు కొత్త రాజ్యపు చిన్న సుంకాల శాఖ మోయలేదు, చిక్కున్నచోట లంచం పుడుతుంది. ఇజ్రాయెల్‌తో వ్యాపారం ఆగక్కర్లేదు, దగ్గరి మార్కెట్టును వదులుకోమనేవాడు రైతు మేలు కోరేవాడు కాదు. కానీ తగవు వస్తే తీర్చే మూడో మనిషి పేరు ఒప్పందంలో మొదటి పేజీలోనే ఉండాలి. వీటన్నిటికంటే ముందు, తన గుమ్మంలో తన ఉద్యోగి కూర్చుని తన పుస్తకంలో తన సరుకు రాసుకోవాలి. అది లేకుండా జెండా ఎగరేస్తే మా అవ్వ మూటకు పట్టిన గతే.

భారతదేశం పాలస్తీనాను 1988 నవంబరులోనే గుర్తించింది. 2025 సెప్టెంబరులో బ్రిటన్, ఫ్రాన్స్, కెనడా, ఆస్ట్రేలియా గుర్తించాయి. ఇప్పుడైనా ఈ లెక్కల మాట తెలుగులో జరగాలి.

చివరగా ఒక విన్నపం. మూడు రాష్ట్రాల గుమ్మంలో ఉన్న ఈ ఊరి వ్యాపారానికి రాతలో చరిత్ర లేదు. చింతపండు, బెల్లం, రాగులు, పట్టుగూళ్లు, టమోటా ఎప్పుడు ఏ దారిన ఏ ఊరికి పోయాయో, ఏ గేటు దగ్గర ఎంత కట్టారో మండీల పాత చిట్టాల్లోనే ఉంది. మూడు భాషలు కలిసిపోయిన మండీ మాటలు కూడా అందులోనే ఉన్నాయి. మీ ఇళ్లలో అటకల మీద అలాంటి పుస్తకాలుంటే చెదలకు వదలకండి, తూకానికి వేయకండి. ఈ సాయంత్రం సభ ముగిసేవరకు నేనిక్కడే ఉంటాను. ఎవరింట్లో ఏముందో వచ్చి చెప్పండి, రాసుకుంటాను.