అడుగుకు ఒక దెబ్బ, చివర్లో మౌనం

(మన ట్రస్టు వార్షిక స్కాలర్‌షిప్ పంపిణీ సభలో ఒక సినీ వయొలిన్ కళాకారుడు చేసిన ప్రసంగ పాఠం)

 

చదువు గురించి మాట్లాడమని పిలిచి, కోతి సినిమా చూపించాడేమిటి అని కొందరు నవ్వుకుంటున్నారు. ఇప్పుడు తెరమీద చూసినవి 1933లో అమెరికాలో వచ్చిన ‘కింగ్ కాంగ్’ చిత్రంలోని ముక్కలు. నా వృత్తిలో నేను నేర్చుకున్నదంతా వాటిలో ఉంది. చివర్లో ఈ ట్రస్టుకు నేను పడిన బాకీ ఒకటి చెప్పాలి. అక్కడికి ఈ దారినే వస్తాను.

మన ‘మాయాబజార్’ మీ అందరికీ తెలుసు. 1957లో వచ్చింది. ఘటోత్కచుడు లడ్డూలు మింగే ఘట్టంలో పాట ముందే రికార్డయి ఉంటుంది. దానికి తగినట్టు నటుడు అభినయిస్తాడు. అంటే అక్కడ బొమ్మ సంగీతం వెంట నడుస్తుంది. రీరికార్డింగులో ఇది తలకిందులు. చిత్రం పూర్తయ్యాక, తెరమీద జరిగేదాని వెంట సంగీతం నడవాలి. మా కోడంబాకంలో నేను ఏళ్ళతరబడి చేసిన పని అదే.

‘కింగ్ కాంగ్’కు సంగీతం రాసినవాడు మాక్స్ స్టైనర్. 1888లో వియన్నాలో పుట్టాడు. అప్పటికి మాటల సినిమా వచ్చి ఆరేళ్ళే. ఆ కాంగ్ నిజానికి అడుగున్నర ఎత్తు బొమ్మ. దాన్ని రవ్వంత కదిలించి ఒక ఫోటో, మళ్ళీ కదిలించి మరో ఫోటో, ఇలా తీశారు. అది చూసి జనం నవ్వుతారేమోనని కంపెనీకి భయం. పాత సంగీతమే అతికించి సరిపెట్టమన్నారట. నిర్మాత కూపర్ మాత్రం ఖర్చు తాను పెట్టుకుంటానని చెప్పి కొత్త సంగీతం రాయించాడని స్టైనరే తరువాత చెప్పుకున్నాడు. ఆ బొమ్మకు బరువు తెచ్చింది ఆ ఆర్కెస్ట్రా.

ఎలా తెచ్చింది? దీవిలోని తెగ నాయకుడు మెట్లు దిగి వస్తాడు చూశారా? అతని అడుగు పడిన ప్రతిసారీ ఆర్కెస్ట్రాలో ఒక దెబ్బ పడింది. కార్టూన్ చిత్రాల అలవాటు గనుక సినిమావాళ్ళు దీన్ని ‘మిక్కీ మౌసింగ్’ అంటారు. ఇది అదాటున కుదిరేది కాదు, లెక్క.

పిల్లలూ, ఈ లెక్క మీరూ చెయ్యండి. సినిమా సెకనుకు 24 బొమ్మలు. నిమిషానికి 1440. ఒక మనిషి 18 బొమ్మలకు ఒక అడుగు వేస్తున్నాడనుకోండి. 1440ని 18తో భాగిస్తే 80. అంటే నిమిషానికి 80 దెబ్బల నడక. అతను నడక మొదలుపెట్టిన 31.5 సెకన్లకు తలుపు బద్దలవుతుందనుకోండి. అప్పటికి 42 దెబ్బలు గడుస్తాయి. నాలుగు దెబ్బల బార్లు పది రాస్తే నలభై. మిగిలిన రెండింటికీ రెండు దెబ్బల చిన్న బారు ఒకటి రాస్తే, తలుపు బద్దలయ్యే క్షణం తరువాతి బారు మొదటి దెబ్బమీద సరిగ్గా పడుతుంది. ఆ దెబ్బలు ‘టిక్ టిక్’మని చెవిలో వినిపించే ఏర్పాటు 1930లలో హాలీవుడ్‌లో వాడుకలోకి వచ్చింది. క్లిక్ ట్రాక్ అంటారు. మేమూ హెడ్‌ఫోన్ పెట్టుకుని దానితోనే వాయించాం.

ఇక కాంగ్ బాణీ. పైనుంచి కిందికి దిగే మూడు స్వరాలు, అంతే. ఆ మూడూ ఇత్తడి వాద్యాలమీద మోగితే చెట్లు విరుచుకుని వచ్చే మృగం కనబడుతుంది.

అసలు గొప్పతనం చివర్లో ఉంది. ఎంపైర్ స్టేట్ భవనం మీద కాంగ్ నిలబడి ఉంటే విమానాలు చుట్టుముడతాయి. మరొకరైతే అక్కడ డప్పులు, బాకాలు అన్నీ మోగించేవారు. స్టైనర్ ఆపేశాడు. ఇంజన్ల రొద, తుపాకుల మోత తప్ప ఏమీ లేదు. కాంగ్‌కు ప్రాణాంతకమైన దెబ్బ తగిలాక సంగీతం మళ్ళీ వస్తుంది, ఈసారి మృదువుగా, జాలిగా. అంతవరకు భయపడ్డ మనమే దానికోసం బాధపడతాం.

ఈ ఆగడం నేను అవమానపడి నేర్చుకున్నాను. 1990లో ఒక జానపద చిత్రం రీరికార్డింగు. రాక్షసుడు గుహ మెట్లు ఎక్కి, హఠాత్తుగా ఆగి, వాసన చూస్తాడు. అక్కడ ఆరు బార్ల మౌనం. నేను ఐదే లెక్కపెట్టాను. ఆ నిశ్శబ్దంలో నా కమాను ఒక్కటే తీగమీద పడింది. అప్పట్లో అందరం కలిసి ఒకేసారి వాయించేవాళ్ళం. నలభైమంది మళ్ళీ మొదటినుంచి వాయించవలసి వచ్చింది. పక్కనున్న పెద్దాయన మెల్లగా అన్నాడు: “వాయించడం చేతిలో పని తమ్ముడూ. ఆగడం లెక్కలో పని.”

నాకు లెక్కెందుకు రాలేదో ఆ రాత్రి నాకే తెలుసు. ఇదే ఇక్కడ చెప్పవలసిన బాకీ. 1987లో ప్లస్ టూ పుస్తకాలకని ఈ ట్రస్టు నాకు ఆరువందల రూపాయలు ఇచ్చింది. నేను వాటితో వయొలిన్ తీగలు, ఒక కమాను కొన్నాను. లెక్కల్లో తప్పాను. పుస్తకాలు కొన్నానని మా నాన్నకు అబద్ధం చెప్పాను. ఆయన పోయేదాకా అది అబద్ధంగానే ఉండిపోయింది. ఆ రికార్డింగు తరువాత పాత పుస్తకం కొనుక్కుని, ప్రైవేటుగా పరీక్ష రాసి పాసయ్యాను. కానీ ట్రస్టుకు ఈరోజు వరకూ చెప్పలేదు.

ఈ ఏడు ఒక అమ్మాయి సంగీత కళాశాలలో చేరడానికి సాయం అడిగిందట. మన దరఖాస్తులో ఇంజనీరింగుకు, వైద్యానికి, డిగ్రీకి గడులున్నాయి. సంగీతానికి లేదు. అందుకని ఆ కాగితం పక్కన పెట్టారని తెలిసింది. పెద్దలు మన్నించాలి. నేను దాచి చేసిన పనిని ఆమె అడిగి చేస్తోంది. ఆ ఒక్క గడి అచ్చువేయించండి. ఆమె మొదటి ఏడాది ఫీజు నేను కడతాను. అది దానం కాదు, నా పాత బాకీ.

అమ్మా, నువ్వు ఈ సభలో ఎక్కడ కూర్చున్నావో నాకు తెలియదు. సాధన మానకు. లెక్కలు కూడా మానకు. ఎక్కడ ఆగాలో చెప్పేది అవే.

నా మాటలకూ ఇక్కడ ఆగవలసిన చోటు వచ్చింది.