రోడ్డు ఎత్తు, గడప ఎత్తు



కథలాపూర్ వైపు ఊళ్లలో ఎందరో ఆడవాళ్లు ఇంట్లో కూర్చొని బీడీలు చుట్టి బతుకుతున్నారు. పాత రోడ్డును తవ్వకుండా దానిమీదే సిమెంటు పోస్తే ఏమవుతుంది? రోడ్డు గడపను మించుతుంది. వాననీళ్లు ఇంట్లో జొరబడతాయి. తునికాకు, తంబాకు తడుస్తాయి. ఆ బీడీలు కార్ఖానాలో తీసుకోరు. కూలి వెయ్యి బీడీల లెక్కన గదా, నష్టమంతా ఆమెదే! ఇంజనీరు ఎస్టిమేటులో ఈ ఖర్చు ఎక్కడుంది?

2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన నియమాల ప్రకారం, రోడ్డు ప్రణాళిక వేసేటప్పుడు ఇంజనీరు ఊరివాళ్లతో కలిసి ఆ దారి వెంట నడవాలి. ఆ నడకలో మనమూ ఉండాలి. అది ఊళ్లను కలిపే రోడ్ల సంగతి. వాడలో వేసే సిమెంటు రోడ్లకూ ఇదే పద్ధతి కావాలని గ్రామసభలో అడుగుదాం. మోరీ ఎటు పారాలో, చెరువులోకి పోయే నీళ్లు ఎక్కడ దాటాలో, ఏ చింతచెట్టు కొట్టగూడదో అక్కడే చూపిద్దాం. ముందుగా మీ వాడలో ప్రతి గడప ఎత్తూ కొలిచి, రాసి పట్టుకు రండి.