పడవ చమురు, కడలి వేట
(తీరప్రాంత వార్డు సభలో చదివిన ప్రసంగ పాఠం)



వేట నుంచి తిరిగివచ్చిన మత్స్యకారుడు ముందుగా వలను చూసుకుంటాడు. వల చెడితే మరునాటి వేట లేదు. నీటిపై తేలే చమురు తెట్టు మొదట పట్టుకునేదీ ఆ వలనే. అందుచేత సముద్రంలో చమురు ఒలకడాన్ని కేవలం పర్యావరణ సమస్యగా కాక, తీరంలోని ప్రతి ఇంటి పొయ్యికి సంబంధించిన విషయంగా పరిశీలించవలసి ఉన్నది.

చెన్నై ఉత్తర తీరానికి ఈ కష్టం కొత్త కాదు. 2017 జనవరి 28 తెల్లవారుజామున ఎన్నూరు సమీపంలోని కామరాజర్ రేవు వెలుపల రెండు నౌకలు ఢీకొన్నాయి. చిక్కని నౌకా ఇంధనం సముద్రంలో కలిసి, అలలతో దక్షిణానికి సాగి, తీరమంతటా నల్లని ముద్దగా పేరుకుపోయింది. పీల్చే యంత్రాలు ఆ ముద్ద ముందు నిలువలేకపోయాయి. తీరరక్షక దళం సిబ్బంది, పారిశుద్ధ్య కార్మికులు, మత్స్యకారులు, విద్యార్థులు బకెట్లతో తోడి పోయవలసి వచ్చింది. ఆ దినాలలో చేపల బజారులు వెలవెలబోయాయి. చమురు సోకని దూరప్రాంతాల చేపలను సైతం కొనుగోలుదారులు అనుమానించారు.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదలతో పాటు పారిశ్రామిక ప్రాంతం నుంచి కొట్టుకువచ్చిన చమురు ఎన్నూరు పాయను కమ్మివేసింది. పడవలు, వలలు, మడచెట్ల వేళ్లు, గూడబాతుల రెక్కలు నల్లబడ్డాయి. తమిళనాడు ప్రభుత్వం 2,301 కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, మరో 6,700 కుటుంబాలకు 7,500 రూపాయల చొప్పున, దెబ్బతిన్న 787 పడవలకు 10,000 రూపాయల చొప్పున సహాయం ప్రకటించింది. కోల్పోయిన వేట దినాలకు అది కొంత ఊరట మాత్రమే.

ఇవి పెద్ద ప్రమాదాలు. వార్తలలోకి ఎక్కాయి. వార్తలకెక్కని చిన్న ఒలుకులు మాత్రం రేవులలో నిత్యం జరుగుతూనే ఉంటాయి. డీజిల్ నింపేటప్పుడు పొంగిపోయేది కొంత, పడవ అడుగున చేరిన చమురు నీటిని తోడి పారబోయడం వలన కలిసేది కొంత, ఇంజను నూనె మార్చి పాతదాన్ని గట్టు మీదనే వదలడం వలన చేరేది కొంత. ఒక లీటరు చమురు మిల్లీమీటరులో వెయ్యో వంతు మందాన పరచుకుంటే వెయ్యి చదరపు మీటర్ల నీటిని కప్పగలదు. రేవులో పదుల సంఖ్యలో పడవలు ఉన్నప్పుడు ఈ లెక్క ఎంతవరకు పోతుందో ఊహించడం కష్టం కాదు.

చమురులన్నీ ఒకే విధంగా హాని చేయవు. డీజిల్ తేలికైనది, త్వరగా పరచుకుంటుంది. ఎండకు, గాలికి చాలా భాగం కొద్ది రోజులలో ఆవిరవుతుంది, లేదా అలలలో చెదిరిపోతుంది. కంటికి కనిపించకుండా పోయినంత మాత్రాన హాని తొలగినట్లు కాదు. దానిలోని విషపదార్థాలు కొంత నీటిలో కరుగుతాయి, లోతులేని చోట్ల రొయ్యపిల్లలను, పీతలను, చేపపిల్లలను చంపుతాయి. చిక్కని నౌకా ఇంధనం అంత త్వరగా పోదు. ఇసుకతో కలిసి బరువెక్కి అడుగుకు దిగుతుంది, రాళ్లకు అంటుకుంటుంది, నెలల తరువాత కూడా అలజడికి మళ్లీ పైకి వస్తుంది.

ఈదగలిగిన పెద్ద చేప చమురు వాసన తగిలితే దూరంగా పోగలదు. గుడ్డుకు ఆ శక్తి లేదు. అనేక సముద్రపు చేపల గుడ్లు నీటి పైపొరలలోనే తేలుతాయి. చమురు తేలేదీ అక్కడే. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక చమురు ఒలికిన తరువాత సాగిన పరిశోధనలు, అతి కొద్దిపాటి చమురు సైతం గుడ్డులోని పిల్ల గుండె ఎదుగుదలను చెడగొడుతుందని చూపాయి. నేడు ఒలికిన చమురు నష్టం నేటి వలలో కనిపించకపోవచ్చు. రాబోయే ఏళ్ల వలలో కనిపిస్తుంది.

ఈ సందర్భంలో ఒక విషయం ఆలోచించదగినది. చేపలు గుడ్లు పెట్టే కాలమని తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేటను నిషేధిస్తారు. మత్స్యకార కుటుంబాలు ఆదాయం మానుకొని ఆ గుడ్లను కాపాడుతున్నాయి. అదే కాలంలో పడవలు గట్టెక్కి మరమ్మతులకు నిలుస్తాయి. ఇంజన్ల పాత నూనె బయటికి వచ్చేదీ అప్పుడే. ఆ నూనె కాలువలోనికి పోతే, రెండు నెలల త్యాగంలో కొంత భాగం ఆ కాలువ వెంటనే కొట్టుకుపోతుంది.

ఆల్చిప్పల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. చేప తన శరీరంలో చేరిన చమురు పదార్థాలను చాలావరకు విసర్జించగలదు. ఆల్చిప్ప ఆ పని మెల్లగా చేస్తుంది, అందువలన విషం దానిలో నిలువ ఉంటుంది. తెట్టు కనిపించిన పాయలో ఆల్చిప్పలు ఏరడం, అధికారులు పరీక్షించి చెప్పేవరకు మానడం మేలు.

ఒలికిన చమురుపై సబ్బునీళ్లు చల్లే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. దానివలన తెట్టు పోయినట్లు కనిపిస్తుంది గాని, చమురు సన్నని బిందువులుగా విడిపోయి నీటిలోనికి దిగుతుంది. పైనున్న కీడు లోపలికి చేరుతుంది. సబ్బు కూడా చేపపిల్లలకు హానికరమే.

చేయదగిన పనులు కష్టమైనవి కావు. ట్యాంకును అంచు వరకు నింపకుండా కొంత ఖాళీ ఉంచాలి. గరాటు కింద పళ్లెం పెట్టాలి. ఇంజను కింద పాతగుడ్డలో, గోనెపట్టాలో పరచి, చమురు పీల్చిన పిమ్మట వాటిని నీటిలో పడవేయక ఒడ్డుకు తేవాలి. పాత నూనెను డబ్బాలో పట్టి, అనుమతి గల సేకరణదారులకే అప్పగించాలి. రేవు వద్ద అందుకు ఒక పీపా ఏర్పాటు చేయవలసిందని వార్డు సభలో కోరే హక్కు ప్రతి సంఘానికి ఉన్నది.

సముద్రంలో పెద్ద తెట్టు కనిపిస్తే దానిలో వల వేయరాదు. తీరరక్షక దళం అత్యవసర సంఖ్య 1554కు, మత్స్యశాఖ కార్యాలయానికి స్థలం, సమయం తెలుపాలి. నల్లబడిన వలను, పడవను శుభ్రం చేయకముందే తేదీతో ఛాయాచిత్రం తీసి ఉంచాలి. సహాయం కుటుంబాల లెక్క, పడవల లెక్క ప్రకారం వస్తుంది. కనుక పడవ రిజిస్ట్రేషన్ పత్రాలు గడువు తీరకుండా చూసుకోవడం అవసరం.

పరిశ్రమల, నౌకల తప్పిదానికి వాటి యజమానులే బాధ్యులు. ఆ బాధ్యతను గట్టిగా అడిగే గొంతుకు, స్వంత రేవును శుభ్రంగా ఉంచుకున్నవారి మాటగా వినిపించినప్పుడు మరింత బలం చేకూరుతుంది.